బేసరికి మెరుగు

"దొరికిందా అత్తా?"

"దొరక్క యాడికి పోతుంది? మా అత్త చేతి సొమ్ము. జాలాడిలో కలిసిపోయేదానికి దిక్కులేని సొమ్మనుకున్నావా?"

పెరట్లో నీళ్ళు పోయే జాలాడి ముందర గొంతుక్కూర్చున్న కన్యకమ్మ, మోచేతి దాకా బురదలో పెట్టిన చేతిని పైకి తీసింది. బేతంచెర్లలో ఏ కాలువలో చేయి పెట్టినా ఇదే బురద. బండల పాలిష్ మిషన్ల దుమ్ము గాలికి వచ్చి ఇంటింటా వాలుతుంది, కడుగునీళ్ళతో కలిసి బూడిదరంగు పిండిలా పేరుకుంటుంది. ఆ పిండిలోంచి నానిపోయిన మెతుకులు, తలవెంట్రుకల ఉండ, వాటితో పాటు ఎర్ర రాళ్ళ ముక్కుబేసరి బయటికి వచ్చాయి.

పద్మప్రియ మెట్టు మీద కూర్చుని ఎడమ ముక్కుకు తడిగుడ్డ అదుముకుంది. గుడ్డ అప్పుడే పసుపు, ఎరుపు మరకలతో అట్ట కట్టింది. ఒక పక్క నుంచి కాలువ కంపు, ఇంకో పక్క తన ముక్కులో కారుతున్న చీము కంపు. రెండింటిలో ఏది ఏదో తెలియడం లేదు. తన ముఖం మీద తనకే అసహ్యం పుట్టింది. ఛీ, ఏం బతుకు ఇది!

"నేను పారేయలేదత్తా. స్నానం చేస్తాంటే దురద ఆపుకోలేక తీసినా. చేయి జారింది."

"జారింది! నాలుగు తరాల నుంచి ఈ ఇంటి పెద్దకోడళ్ళ ముక్కున ఉండాది. ఎవురి చేతిలోనూ జారల్యా. బద్వేలు నుంచి వచ్చిన చేతిలోనే జారింది."

గోడ పక్కింటి గంగక్క అప్పటికే వచ్చి నిలబడింది. ఈ ఇంట్లో గిన్నె కింద పడినా ఆమెకు వినపడుతుంది. "యాడ, చూపించు మే" అంటూ పద్మప్రియ చేతిలోని గుడ్డ లాగేసి, బొటనవేలితో ముక్కు పక్కన గట్టిగా నొక్కింది. ఆ వేలికి వెల్లుల్లి పొట్టు అంటుకుని ఉంది. పద్మప్రియ కెవ్వుమంది. చిక్కటి చీము చుక్క గంగక్క వేలి మీదికి వచ్చింది. గంగక్క దాన్ని వెలుతురుకు పట్టి చూసి, గోడకు రాసేసింది.

"ఏం కాలేదు లేమ్మే. వేడి. కొత్త కోడళ్ళకు ఉండేదే" అంది.

గోడ మీది ఆ మరకను చూడలేక పద్మప్రియ గుడ్డ తీసుకుని మళ్ళీ ముక్కుకు అదుముకుంది.

"సాయంత్రానికి ఎట్లనే గంగక్కా?" కన్యకమ్మ గొంతులో కోపం పోయి దిగులు వచ్చింది. "మొదటి దసరా. శుక్రవారం. అమ్మవారిశాలలో కుంకుమపూజకు కోడలు కూర్చోవల్ల. ఊర్లోని ఆడోళ్ళంతా వస్తారు. వట్టి ముక్కుతో కూర్చుంటే ఏమంటారు? సొమ్ము యాడికి పాయ అంటారు."

"వాపుకు బొక్క మూసుకపాయ. మళ్ళీ కుట్టించేసెయ్. పొద్దుగూకేలోగా సర్దుకుంటాది."

తన ముక్కు గురించి ఇద్దరూ అలా మాట్లాడుకుంటుంటే, రంధ్రం పడిన బిందెను ఎవరి దగ్గర మాటు వేయించాలో మాట్లాడుకుంటున్నట్టుంది పద్మప్రియకు.

శ్రావణమాసంలో నంద్యాల నుంచి వచ్చిన కంసాలి కుట్టాడు ఈ ముక్కు. రెండు నెలలయింది. మొదటి వారం దురద, రెండోవారం వాపు, ఆ తర్వాత రోజూ చీము. చిన్నప్పుడు బద్వేలులో చెవులకు ఇంతే జరిగింది. తిరణాలలో కొన్న రోల్డ్‌గోల్డు కమ్మలు పెట్టుకున్న మూడోరోజుకు చెవితమ్మెలు ఉబ్బి కారాయి. వాళ్ళమ్మ వాటిని తీసేసి వేపపుల్లలు గుచ్చింది. గడియారం పట్టీ కిందా అంతే, జాకెట్టు పిన్నీసు తగిలిన చోటా అంతే. కానీ అసలు బంగారం ఎప్పుడూ ఏమీ చేయలేదు. నాన్న పొద్దుటూరులో చేయించిన తాళిబొట్టు అయిదు నెలలుగా చెమటలో, సబ్బులో గుండెల మీదే ఉంది. అక్కడ చర్మం నున్నగా ఉంది.

బేసరి పెట్టేరోజు పొద్దున్నే భర్త శివప్రసాద్ గదిలోకి వచ్చి, "కొన్నాళ్ళు దురద పెడతాది, ఓర్చుకో" అని చెప్పి పోయాడు. ఎంత మంచివాడు, ముందే ధైర్యం చెప్పాడు అనుకుంది ఆ రోజు.

మొన్న బుధవారం ఆయనే కర్నూలుకు తీసుకుపోయి చర్మం డాక్టరుకు చూపించాడు. డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. "ఈ అమ్మాయి ఒంటికి నికెల్ పడదు. మేలిమి బంగారమైతే బాధ ఉండదు. పైపూత సరుకు పెడితే ఇట్లే కుళ్ళుతుంది. ముందర దాన్ని తీసేయండి. పూర్తిగా మానేదాకా మళ్ళీ కుట్టించొద్దు" అన్నాడు. ఇంటికి వచ్చి శివప్రసాద్ చెప్పింది మూడు మాటలే. "వేడంట. మందు ఇచ్చినాడు."

ఎందుకలా చెప్పారని గదిలో అడిగితే, "మా నాయన సొమ్మును పైపూత అంటే ఊరుకుంటాడా? దసరా దాటనీ" అన్నాడు. ఆ దసరా దాటేలోపు తన ముక్కు ఏమవుతుందో ఆయన లెక్కలో లేదు.

"బ్రహ్మయ్యాచారికి చెప్పి పంపినా. వచ్చేస్తాడు" వసారాలోంచి మామ వెంకటరమణయ్య గొంతు వినిపించింది. "కుట్టిస్తే సరిపాయ. దానికింత రాద్ధాంతమెందుకు? ఒరే శివా, ఇంగో బజ్జీ ఎయ్యి."

ఆయన పీట మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. మిరపకాయ బజ్జీ తుంచి, ఉగ్గానిలో అద్ది, కళ్ళు మూసుకుని నములుతున్నాడు. కోడలి కేక విని కూడా ఆయన ముద్ద ఆగలేదు. ఊరందరికీ ఆయన పెద్దమనిషి. బజారులో ఆయన ఇత్తడి సామాన్ల అంగడికి పోయినవాళ్ళు బేరం ఆడరు, శెట్టి మాటంటే మాటే అంటారు. ఇంట్లోనూ ఆయన ఎవరినీ కసిరింది లేదు. ఆ మెత్తని గొంతు వింటేనే ఈ మధ్య పద్మప్రియకు ఒళ్ళు జలదరిస్తోంది.

గంగక్క చేతులు కడుక్కుంటూ, "నేను పోయి పసుపు కుంకం తెస్తా. కుట్టినాంక ముత్తైదువ పెట్టవల్ల కదా" అని వెళ్ళిపోయింది.

కన్యకమ్మ గిన్నెలో చింతపండు పిసికింది. ఇత్తడి అంగడివాళ్ళ ఇల్లు. ఇక్కడ ఏ లోహపు వస్తువైనా ముందు చింతపండు పులుసులో మునగాల్సిందే. బేసరిని ఆ పులుసులో వేసి రుద్దుతూ కోడలికి చీవాట్లు పెడుతూనే ఉంది.

"నేను పడలేదా? ఇరవై ఎనిమిదేండ్లు పెట్టుకున్నా. పెండ్లయిన కొత్తలో రెండేండ్లు బాగనే ఉండె. శివుడు కడుపున పడినాంక మొదలాయ. కారేది, ఎండేది, మళ్ళీ కారేది. మా అత్త వేడి అనె. నోరు మూసుకుని ఆముదం పూసుకున్నా. తీసినానా? పారేసినానా?"

పద్మప్రియ అత్త ముక్కు వైపు చూసింది. ఎడమ వైపు కందిగింజ పట్టేంత బొక్క, దాని చుట్టూ నల్లగా ముడుచుకుపోయిన చర్మం. శ్రావణంలో బేసరి కోడలికి ఇచ్చేసిన తర్వాత అది తడి ఆరింది. అంతకుముందు రోజూ పొద్దున్నే అత్త కొంగు చివరతో ముక్కు తుడుచుకుని, ఆ చేత్తోనే ఊరగాయ జాడీలో గరిటె తిప్పడం చూసి పద్మప్రియ ఊరగాయ తినడం మానేసింది. ఆమెను చూస్తే ఇప్పటికీ అసహ్యమే. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తన ముఖం కూడా ఇదే అవుతుందన్న ఆలోచన అంతకంటే అసహ్యంగా ఉంది.

"ఏటా దసరా ముందర ఈ సొమ్మును మీ మామ స్వయంగా నంద్యాలకు తీసకపోయి మెరుగు పెట్టించుకొస్తాడు. ఎవురి చేతికీ ఇయ్యడు. అంత పేణం ఆయనకు, నా ముక్కున ఇది ఉంటే. ఈసారి నీకు పెట్టేదానికని శ్రావణంలోనే తీసకపాయ, శివుడు కూడా పోయినాడు. నీకు ఆ విలువ యాడ తెలుస్తాది?"

మాట్లాడుతూ రుద్దుతున్న కన్యకమ్మ ఆగింది. గిన్నెలోకి చూసి ముఖం చిట్లించింది.

"చూడు మే! నీ చీము ఎంత పట్టిందో చూడు. పచ్చగా దిగుతాండాది. థూ!"

పద్మప్రియ లేచి వచ్చి వంగి చూసింది. గోధుమరంగు పులుసులో రాళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చటి నీళ్ళు దిగుతున్నాయి. తడి గిన్నెలోంచి ఒక వాసన వస్తోంది. చీము వాసన కాదు. అంగడిలో పాత బిందెలు తోమిస్తున్నప్పుడు అరచేతులకు పట్టుకుని సాయంత్రం దాకా వదలని వాసన అది. ఈ ఇంటికి వచ్చిన అయిదు నెలల్లో ఆమెకు బాగా తెలిసిన వాసన.

"అత్తా, అది నా చీము కాదు" అంది మెల్లగా. "చిలుము."

కన్యకమ్మ చేయి గిన్నెలోనే నిలిచిపోయింది.

"ఏం కూసినావు?"

"ఇత్తడి బిందెకు పట్టే చిలుమే అది. నువ్వు రోజూ చూసేదే. బంగారానికి చిలుము పడతాదా అత్తా?"

వసారాలో పళ్ళెం చప్పుడైంది. వెంకటరమణయ్య ఎంగిలి చేత్తోనే లేచి పెరట్లోకి వచ్చాడు. మీసానికి ఉగ్గాని మెతుకు అంటుకుని ఉంది.

"చింతపండెందుకే దానికి? ఎవురు వేయమన్న్యారు? ఇట్లియ్యి."

"బురదలో పడె కదా, కడుగుతాండా" అంది కన్యకమ్మ తెల్లబోయి.

ఆయన ముఖంలో కంగారు ఒక్క క్షణమే కనిపించింది. వెంటనే నవ్వు తెచ్చుకుని కోడలి వైపు తిరిగాడు. "రాగి కలపందే సొమ్ము నిలబడదు తల్లీ. మేలిమితో చేస్తే చేత్తో వంచినా వంగిపోతాది. రాగి ఉండాదంటే రవ్వంత చిలుమూ ఉంటాది. పాత సొమ్ములన్నీ ఇంతే. నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు?"

"అదే కదా!" అని కన్యకమ్మ ఊపిరి పీల్చుకుంది. "నోరు మూసుకుని కూర్చో మే. పెద్దోళ్ళ సొమ్మును ఇత్తడంటావా? కండ్లు పోతాయి."

వెనకే వచ్చిన శివప్రసాద్ చెయ్యి చాపి, "తే అమ్మా, నేను కడిగిస్తా" అన్నాడు. కన్యకమ్మ ఇవ్వలేదు. బేసరి ఆమె గుప్పిట్లోనే ఉంది.

"మీరైనా చెప్పండి. డాక్టరు ఏమన్నాడు?" పద్మప్రియ భర్తను అడిగింది.

"వేడన్నాడు."

"ఏమన్నాడు?"

"ఒక్క సాయంత్రం పెట్టుకో పద్మా. పూజ అయిపోతానే తీసేద్దువు. నా మాట విను."

అంత బతిమాలుతున్నా ఆయన చూపు తన ముఖం మీదికి రావడం లేదని ఆమె గమనించింది. కుళ్ళిన ముక్కును చూడలేక అనుకుంది. రోషం వచ్చింది.

వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. చంకలో చిన్న రేకుపెట్టెతో కంసాలి బ్రహ్మయ్యాచారి వచ్చాడు. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాల కాడకు దారం కట్టుకున్నాడు. పెరట్లో పీట వేశారు. ఆయన పద్మప్రియ గడ్డం పట్టి ముఖం వెలుతురుకు తిప్పి చూశాడు. అంతవరకు ఆ ముఖాన్ని అంత మర్యాదగా పట్టుకున్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"శానా చెడిపాయ కదమ్మా. ఇది మానక ముందే కుట్టేదేంది?"

"పూజ ఉండాది ఆచారీ" అన్నాడు వెంకటరమణయ్య. "పని కానియ్."

రేకుపెట్టె తెరుచుకుంది. సూది, పటకారు, దూది, చిన్న సీసా, నల్లటి గీటురాయి. సూది మొన మీదే పద్మప్రియ చూపు ఆగింది. కాదంటే ఏమవుతుందో తెలుసు. సాయంత్రం బస్సుకు బద్వేలు పంపిస్తారు, వాళ్ళ నాన్న వచ్చి ఈ వసారాలో చేతులు కట్టుకుని నిలబడాలి. సరేనంటే ఏమవుతుందో కూడా తెలుసు. అది ఎదురుగా అత్త ముఖం మీదే ఉంది.

"కుట్టించుకుంటా" అంది.

శివప్రసాద్ ఊపిరి వదిలాడు.

"కానీ ముందర ఆచారి దాన్ని రాయి మీద గీసి చూడవల్ల. బంగారమని ఆయన నోటితో చెప్తే, ఎంత నొప్పయినా గమ్మున కూర్చుంటా. ఈ జన్మలో తీయను."

"ఏం మాటలే అవి!" కన్యకమ్మ మండిపడింది. "మా ఇంటి సొమ్మును రాయి మీద పెట్టాల్నా? ఆచారీ, గీయి. బాగా గీయి. దీని నోరు ఈ పొద్దుతో మూతపడవల్ల."

"ఎందుకే కన్యకా? ఆడపిల్ల ఏదో అనింది" వెంకటరమణయ్య గొంతు ఇంకా మెత్తబడింది. "ఆచారికి పనులుంటాయి."

"ఉండనీండి. గీయి ఆచారీ."

ఆమె గుప్పిట విప్పి బేసరిని కంసాలి చేతిలో పెట్టింది. బ్రహ్మయ్యాచారి దాన్ని అరచేతిలో ఒకసారి ఎగరేసి చూశాడు. వెనక్కి తిప్పాడు. తల ఎత్తి శెట్టి వైపు చూశాడు. బేసరి వెనకవైపును రాయి మీద గీశాడు. పక్కనే తన వేలి ఉంగరాన్ని గీశాడు. నల్లరాయి మీద రెండు పసుపు గీతలు పడ్డాయి. సీసాలోని ఆసిడ్ రెండింటి మీదా చుక్క చుక్క వేశాడు.

ఉంగరం గీత అలాగే ఉంది. బేసరి గీత బుసబుస పొంగి, పచ్చటి నురగయి, కనపడకుండా పోయింది.

బజారులో లారీ ఒకటి బండలు వేసుకుని గేరు మారుస్తూ పోయింది.

బ్రహ్మయ్యాచారి రాయిని గుడ్డతో తుడిచాడు. సూదిని పెట్టెలో పెట్టేశాడు. "ఊర్లో నలభై ఏండ్ల నుంచి నేనుండా శెట్టీ. ఈ సొమ్ము నా చేతికి ఎన్నడూ రాల్యా. ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమాయ. దీనితో నేను ఆడబిడ్డ ముక్కు కుట్టను" అన్నాడు. బేసరిని పీట మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కన్యకమ్మ చేయి తన ఎడమ ముక్కు దగ్గరికి పోయింది. ఆ బొక్కను వేలితో తడుముకుంది. ఎంతసేపు తడుముకుందో!

"శివుడు పుట్టిన ఏడాదే కదా మీరు అంగడి పెట్టింది" అంది.

వెంకటరమణయ్య వీధి తలుపు వైపు చూశాడు.

"వానిపేరే పెట్టినారు బోర్డు మీద. యాడిదబ్బా ఇంత పెట్టుబడి అని నేనడిగితే, దేవుడిచ్చినాడంటిరి. ఆ దేవుడు నా ముక్కు సొమ్మేనా?"

"కన్యకా, లోపలికి రా. మాట్లాడుకుందాం."

"ఏటా మెరుగు. ఏటా మీరే తీసకపోతాంటిరి. నేను పిచ్చిదాన్ని, నా మీద పేణమనుకున్నా. ఇరవై ఆరేండ్లు నా ముక్కు మీ కండ్ల ముందర కారె. పక్కన పండుకుంటిరి. ఆముదం కూడా మీరే తెచ్చిస్తిరి కదయ్యా!"

పీట మీది బేసరిని తీసుకుని ఆమె వసారాలోకి నడిచింది. సగం తిన్న ఉగ్గాని పళ్ళెంలో, కొరికిన బజ్జీ పక్కన దాన్ని పడేసింది. పచ్చటి పులుసు నీళ్ళు బొరుగుల్లోకి ఇంకాయి.

"అసలుది యాడుంది?"

వెంకటరమణయ్య భార్య వైపు చూడలేదు, పళ్ళెం వైపు చూడలేదు. కొడుకు వైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు చూశాడు.

శివప్రసాద్ తల దించుకున్నాడు.

పద్మప్రియకు అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాళ్ళు దురద పెడతాది, ఓర్చుకో. ఆ మాట ఆయన చెప్పింది ముక్కు కుట్టక ముందు. దురద ఇంకా మొదలే కాలేదు. తండ్రితో నంద్యాల పోయి వచ్చింది దానికి ముందురోజు.

"దురద పెడతాదని మీకు ముందే ఎట్ల తెలుసు?"

"పద్మా..."

"నా చెవుల సంగతి పెండ్లిచూపుల నాడే మా అమ్మ చెప్పింది. రోల్డ్‌గోల్డు పడదని మీకు తెలుసు. ఇది రోల్డ్‌గోల్డని తెలుసు. తెలిసే పెట్టించినారా?"

"చెప్తా. గదిలోకి రా, అంతా చెప్తా" అంటూ ఆయన ఆమె భుజం మీద చేయి వేయబోయాడు. రెండు నెలలుగా రోజూ రాత్రి ముక్కుకు ఆముదం పూసిన చేయి అది. ఎంత జాగ్రత్తగా పూసేవాడో! పద్మప్రియ పేడ తగలబోయినట్టు వెనక్కి జరిగింది.

"ముట్టుకోవద్దు."

గోడ అవతల నుంచి గంగక్క గొంతు ఖంగున మోగింది. "ఏమ్మే కన్యకమ్మా, కుట్టేది అయిపాయనా? పసుపు కుంకం తెచ్చేదా?"

అత్త, మామ, శివప్రసాద్ ముగ్గురూ బిర్రబిగుసుకుపోయారు. వెంకటరమణయ్య పెదాల మీద వేలు పెట్టుకుని కోడలి వైపు చూశాడు. ఆయన కళ్ళలో మొదటిసారి బతిమాలడం కనిపించింది. దాన్ని చూస్తే ఆమెకు గోడ మీద ఎండిపోతున్న ఆ చీము మరకను చూసినంత రోత పుట్టింది.

పద్మప్రియ ముక్కు మీది గుడ్డ తీసి జాలాడిలో పారేసింది.

"తేక్కా!" అని గట్టిగా పలికింది. "కుట్టించుకోలేదు. కుట్టించుకోను. సాయంత్రం అమ్మవారిశాలకు వట్టి ముక్కుతోనే వస్తాండా. ఎందుకని అడిగినోళ్ళకంతా చెప్తా."

కన్యకమ్మ కోడలిని వారించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే నిలబడింది.

వెంకటరమణయ్య ఎంగిలి చేయి పంచెకు తుడుచుకున్నాడు. మెల్లగా నడుచుకుంటూ పోయి, గంగక్క వచ్చేలోపే వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.